గ్యాస్ రాని స్టవ్ మీద పొంగిన పాలు

దయ్యాలన్నా, మహిమలన్నా నాకు నమ్మకం లేదు. నేను నమ్మేది రసీదుల్ని, ఫొటోల్ని, ఎవరితో ఎన్ని గంటలకు ఏం మాట్లాడానో రాసిపెట్టుకున్న కాగితాల్ని. ఈ దేశం వచ్చాక ఊరి కౌన్సిల్ మీద, రైళ్ల మీద, మా డాక్టరు క్లినిక్ మీద నేను పెట్టిన ఫిర్యాదులతో ఒక ఫైలు నిండిపోయింది. అందుకే దీన్నీ ఫిర్యాదు రాసినట్టే రాస్తున్నాను. చూసింది చూసినట్టు, ఒక్క ముక్క కలపకుండా.

మేం స్టీవెనేజ్‌లో ఇల్లు కొన్నాం. ఒకప్పుడు కౌన్సిల్ కట్టించి అద్దెకిచ్చిన ఇల్లు, గోడలు కలిసిన ఇళ్ల వరసలో మధ్యది. అందులో ఉన్న ముసలావిడ పోయాక ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. గురువారం తాళాలు చేతికొచ్చాయి. శనివారం పొద్దున పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు పాలు పొంగించాలి. గుంటూరు సిద్ధాంతిగారు ఇక్కడి టైము ప్రకారమే లెక్కగట్టి ఇచ్చిన ముహూర్తం అది. పదకొండున్నరతో సరి.

మా ఆవిడ సుజాతకు అదెంత ముఖ్యమో చెప్పాలి. తొమ్మిదేళ్లలో ఐదు అద్దె ఫ్లాట్లు మారాం. తాలింపు వాసన వస్తోందని ఒక ఓనరు ఏకంగా ఈమెయిల్ పెట్టాడు. అది ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. ఆ ఫ్లాట్లలో ఒక్కదాంట్లోనూ సుజాత పాలు పొంగించలేదు. మనదనుకున్న ఇంట్లోనే పొంగిస్తానని పట్టుబట్టి కూర్చుంది.

తీరా మెట్ల కింద అలమరా తెరిస్తే ప్రీపేమెంట్ గ్యాస్ మీటరు! కార్డులో ముందే డబ్బు వేయించి, ఆ కార్డు మీటర్లో పెడితేనే గ్యాస్ వస్తుంది. అమ్మినవాళ్లు నింపిన ఫారంలో ఈ సంగతి లేదు. ఏజెంటు ఇచ్చిన కవర్లో కార్డూ లేదు. మీటరు తెర మీద 'ఆఫ్' అని మాత్రం ఉంది.

శుక్రవారం గ్యాస్ కంపెనీకి ఫోన్ చేస్తే గంటా ఇరవై నిమిషాలు పాటలు వినిపించారు. చివరికి ఒక నంబరు చెప్పి, అది చూపించి వీధి చివర షాపులో కొత్త కార్డు తీసుకోమన్నారు. తీసుకుని, ఇరవై పౌండ్లు వేయించి మీటర్లో పెడితే 'చెల్లదు' అని వచ్చింది. మళ్లీ ఫోన్. మీటరు ఇంకా ఆ ముసలావిడ పేరు మీదే ఉందట. ఇంజినీరు మంగళవారం వస్తాడట. శనివారం మా గృహప్రవేశమమ్మా అన్నాను. "కంగ్రాచులేషన్స్" అంది ఆ అమ్మాయి. ఆ మాట కూడా టైముతో సహా రాసిపెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే మీటరు ఫొటో తీశాను. తెర మీద 'ఆఫ్'. కింద వాడకం అంకె 4417.

శనివారం పదిన్నరకే మా తోడల్లుడు ప్రసాద్ గారు వెంబ్లీ నుంచి భార్యతో సహా దిగారు. ఆయన భార్య సుజాతకు అక్క. ఆరేళ్ల కిందట వాళ్ల గృహప్రవేశంలో నన్ను వీధిలో నిలబెట్టి, వచ్చిన కార్లకు పార్కింగ్ చూపించమన్నారు. లోపల పాలు పొంగడం నేను చూడనేలేదు. నేనది మర్చిపోలేదు.

సంగతి తెలియగానే ఆయన మొహం వెలిగిపోయింది. "గ్యాస్ లేని ఇల్లు కొన్నావా తమ్ముడూ! నీ పనులెప్పుడూ ఇలాగే ఉంటాయని తెలిసే ఇండక్షన్ స్టవ్ కారులో వేసుకొచ్చాను. తెమ్మంటావా?"

వీడియో కాల్‌లో ఉన్న మా అత్తగారు ఒప్పుకోలేదు. "నిప్పు కనబడాలి నాయనా. పలక మీద కాస్తే టీ పెట్టుకున్నట్టుంటుంది గానీ పాలు పొంగించినట్టా?"

"కరెక్టే అత్తయ్యా" అని, సుజాతను స్టవ్ మీద గిన్నె పెట్టమన్నాను.

"గ్యాస్ లేదు కదండీ" అంది తను.

"పెట్టు. వెలగకపోతే అప్పుడే అన్నయ్యగారి స్టవ్ తెచ్చుకుందాం."

నాకు ఏదో తెలిసి అనలేదు. ఆయన ముందు తగ్గడం ఇష్టంలేక అన్నాను, అంతే. ఆయన వెంటనే ఫోన్ బయటికి తీశారు. "ఇది వీడియో తీయాల్సిందే. తమ్ముడి పంతం ఫ్యామిలీ గ్రూపులో అందరూ చూడాలి."

"డాడ్, ఇట్స్ లిటరల్లీ ఆఫ్" అంది పద్నాలుగేళ్ల మా హాసిని.

సుజాత గిన్నెకు పసుపు, బొట్టు పెట్టింది. పాలు పోసింది. నాబ్ తిప్పి లైటర్ నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. లేదు. మూడోసారి నొక్కగానే మంట వచ్చింది!

బర్నరు చుట్టూ నీలంగా, ఎక్కడా తెగకుండా నిండు మంట. సుజాత చేతిలోంచి లైటర్ జారిపోయింది. నేను మెట్ల కిందికి పరిగెత్తాను. మీటరు తెర మీద 'ఆఫ్' అనే ఉంది. అంకె 4417. ఫొటో తీసి వంటింట్లోకి ఉరికాను. మంట ఉంది! మళ్లీ మీటరు దగ్గరికి. 4417. అలా మూడుసార్లు తిరిగాను.

పదకొండూ ఇరవై రెండుకు పాలు పొంగాయి. నురగ గిన్నె దాటి నాలుగు పక్కలా కారింది. ఫోన్లో అత్తగారు అరుస్తున్నారు, వంటింట్లో అక్కాచెల్లెళ్లు అరుస్తున్నారు, హాసిని గెంతుతోంది. ఈసారి నేను లోపలే ఉన్నాను, స్టవ్‌కు అడుగు దూరంలో. ప్రసాద్ గారు ఫోన్ దించకుండా ఇంకా వీడియో తీస్తూనే ఉన్నారు.

తర్వాత మంట మెల్లగా తగ్గుతూ ఆరిపోయింది. నాబ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ వెలగలేదు. చివరికి పప్పు ఆయన ఇండక్షన్ స్టవ్ మీదే ఉడికింది.

మంగళవారం ఇంజినీరు వచ్చాడు. నేను చెప్పింది విని "నో చాన్స్, మేట్" అని నవ్వి, మీటరు నుంచి ఇంట్లోకి వెళ్లే పైపు నట్టు విప్పాడు. లోపల గుండ్రటి ఇనుప బిళ్ల ఒకటి పైపుకు అడ్డంగా బిగించి ఉంది. ఇల్లు ఖాళీ అయినప్పుడే ఎవరో వేసి వెళ్లారు. అంచుల్లో తుప్పు పట్టింది. అది అక్కడుంటే కార్డు పనిచేసినా గ్యాస్ రాదన్నాడు.

ప్రసాద్ గారి ఫోన్ నుంచి ఆ రోజే పంపించుకున్న వీడియో చూపించాను. మంట వెలిగినప్పటి నుంచి ఆరేదాకా పద్నాలుగు నిమిషాలు. అతను రెండుసార్లు చూశాడు. పైపులో మిగిలిన గ్యాస్ మండితే కొన్ని సెకన్లు, అంతకు మించి మండదన్నాడు. సిలిండరేమైనా దాచామేమోనని స్టవ్ కింద టార్చి వేసి వెతికాడు. పక్కింటి పైపు ఇటు కలిసిందేమోనని గోడ పొడవునా చూశాడు. ఏమీ లేదు. సుజాత ఇచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. కొత్త మీటరు బిగించి, వెళ్తూ వెళ్తూ ఆ బిళ్ల నా చేతిలో పెట్టాడు.

నేను ఊరుకుంటానా? ఫొటోలు, వీడియో జతచేసి గ్యాస్ కంపెనీకి ఫిర్యాదు పంపాను. ఆ శనివారం ఆ ఇంటికి గ్యాస్ సరఫరా జరగలేదని జవాబు వచ్చింది. ఇబ్బందికి క్షమించమంటూ నలభై పౌండ్లు ఇస్తామన్నారు. వద్దని తిరిగి రాశాను. నాకు కావాల్సింది డబ్బు కాదు, సమాధానం!

ప్రసాద్ గారు ఆ వీడియోను గ్రూపులో పెట్టనేలేదు. మొన్న ఫోన్ చేసి, "తమ్ముడూ, ఆ రోజు నువ్వేదో చేశావు కదూ? నాకొక్కడికే చెప్పు" అని బతిమాలారు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. మీటరు ఫొటోలే ఆయనకు పంపాను.

"పొంగాయి కదండీ, ఇంక వదిలేయండి" అంటుంది సుజాత. తనకు ఏ లోటూ లేదు. కొత్త మీటరుతో రోజూ వంట చేసుకుంటోంది.

గ్యాస్ కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే పైవాళ్లకు పంపాల్సిన ఫారం మూడు వారాలుగా నా టేబుల్ మీదే ఉంది. ఏం జరిగిందన్న చోట రెండు పేజీలు రాశాను. దాని కింద, మీరు కోరుకునే పరిష్కారం ఏమిటని ఒక గడి ఉంది. గ్యాస్ రాలేదని గొడవపడదామంటే పాలు పొంగాయి. వచ్చిందందామంటే బిళ్ల నా చేతిలో ఉంది. ఏం జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఏ ఫిర్యాదు ఫారంలోనైనా ఆ గడిలో నాకు ఎప్పుడూ చోటు చాలేది కాదు. ఈసారి ఒక్క మాట కూడా రాయలేకపోతున్నాను.