ఎవరూ కొనని ఫోటో

మా రెన్స్కెని పిసినారి అంటే కోపం. పొదుపు అనాలట. లేవార్డెన్ ఊళ్లో మాది బడిపిల్లల ఫోటోలు తీసే కంపెనీ. పాత ఫోటోలు భద్రపరచడం ఆమె పని, ఆమె సణుగుడు వినడం పక్క బల్ల దగ్గరున్న నా పని. జూన్‌లో పాతవన్నీ క్లౌడ్‌లో అన్నిటికన్నా చవకైన అటక ఎక్కించింది. అద్దె నామమాత్రమే. కానీ ఆరునెలల లోపు చెరిపేస్తే మిగిలిన నెలల అద్దె కూడా కట్టాలి. ఏదైనా కిందికి దించాలంటే డబ్బూ పోయాలి, ఎదురూ చూడాలి.

ఆగస్టులో యజమాని సీబె బుర్రకేం తట్టిందో, "పాతవన్నీ శుక్రవారం సాయంత్రం అయిదింటికి చెరిగిపోయేలా పెట్టేశాను, పీడా పోతుంది," అన్నాడు. అద్దె సంగతి చెబితే తన తెలివి నవ్వులపాలవుతుందని రెన్స్కె నోరు మెదపలేదు.

గురువారం పొద్దున యోరిట్ అనే అతను ఫోన్ చేశాడు. ముప్పయ్యేళ్లుంటాయి. చిన్నప్పుడు పెంచేవాళ్ల ఇళ్లు మారుతూ పెరిగాడు. బడిలో ఏటా ఫోటో తీసేవారట గానీ, ఒక్కటీ కొనే దిక్కు లేదు.

"మా ఆవిడకి నెలలు నిండాయి మేడం. చిన్నప్పుడు నా మొహం ఎలా ఉండేదో నాకే తెలీదు. పుట్టే బిడ్డకి నా పోలిక వస్తే ఎలా గుర్తుపట్టను?"

రెన్స్కె వెంటనే అతని పాత ఫోటోని అటక మీంచి కిందికి దించమని క్లౌడ్‌కి పెట్టింది. ఇక కుర్చీలో కూర్చుంటే ఒట్టు. శుక్రవారం మధ్యాహ్నం తెర మీద సరిగ్గా చూసి తల పట్టుకుంది. దించడంలోనూ అలవాటుకొద్దీ చవక రకమే నొక్కింది, అది రెండు రోజులు పడుతుంది. ఖరీదైన రకానికైనా ఇప్పుడు టైము చాలదు. చెరిపివేతకి మిగిలింది మూడు గంటలు. దాన్ని ఆపగలిగేది సీబె ఒక్కడే. అతనేమో శుక్రవారం మధ్యాహ్నాలు సరస్సులో పడవ మీద ఉంటాడు.

ఏడుసార్లు ఫోన్ చేసింది. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. నాలుగున్నరకి ఎత్తాడు.

"కొంప మునిగిందా రెన్స్కె? గాలి బాగుంది ఇక్కడ!"

"ఆ చెరిపేది ఆపు. ఇప్పుడు చెరిపినా డిసెంబరు దాకా అద్దె తప్పదు."

"ఎంత?"

"నాలుగువందల ఇరవై యూరోలు."

"ఈ మాట ముందే ఏడవొచ్చుగా!"

"సిగ్గేసింది. చాలా? నన్ను తర్వాత తిట్టు, ముందు ఆపు."

తిడుతూనే, పడవ మీంచే ఆపాడు. యోరిట్ పేరు ఎత్తాల్సిన పనే పడలేదు. అప్పుడు టైము నాలుగూ యాభై రెండు. రెన్స్కె ఏడ్చేసింది, నేను చూడనట్టు నటించాను.

శనివారం ఫోటో అటక మీంచి కిందికి వచ్చింది. సెలవైనా ఇద్దరం వెళ్లాం. పంపిన కాసేపటికి యోరిట్ ఫోన్ చేశాడు.

"పోలిక తెలిసిందా?" అంది రెన్స్కె.

"అది కాదు మేడం," అన్నాడు. "ఆ ఫోటో కోసం ఎవరో నాకు తల దువ్వారు. నీళ్లు రాసి, పాపిడి తీసి మరీ దువ్వారు."