ఎర్రయ్య బండి చప్పుడు

అది 1989. బరంపురం పాత బస్టాండు వెనక సందులో నా మోటారుసైకిళ్ల రిపేరు షెడ్డు. అన్ని రకాల బండ్లూ వచ్చేవి గానీ, జంట సిలిండర్ల బండి అంటే మాత్రం ఊరంతా నా పేరే చెప్పేవారు. మామూలు బండికి ఒక కార్బరేటర్ ఉంటే వాటికి రెండు. పెట్రోలునూ గాలినీ పాళ్లు కలిపి ఇంజనుకి అందించేది కార్బరేటర్. ఆ రెండూ ఒకేసారి, ఒకేలా తెరుచుకోవాలి. ఒకటి వెనకబడితే ఇంజను కుంటుతుంది. రెండింటినీ కలపడాన్ని మేం సింక్ చెయ్యడం అంటాం. నేను మాత్రం పెళ్లి కుదర్చడం అనేవాణ్ణి. అప్పట్లో నాకు నోటి దురద కాస్త ఎక్కువ.

చాలామంది ఈ పని బండి మీదే కానిచ్చేస్తారు. నాకది నచ్చదు. రెండు కార్బరేటర్లనూ యాక్సిలరేటర్ కేబుల్‌తో సహా విప్పి బల్ల మీద పక్కపక్కన పెడతాను. హ్యాండిల్ దగ్గర ఒకటిగా బయల్దేరిన కేబుల్ మధ్యలో రెండుగా చీలి, ఒక్కో కార్బరేటర్‌లో ఒక్కో స్లైడును పైకి లాగుతుంది. స్లైడంటే గాలి దారికి అడ్డంగా ఉండే తలుపు. రెండు స్లైడుల కిందా ఒకే మందం ఉన్న డ్రిల్ బిట్లు ఇరికించి కేబుల్ మెల్లగా లాగాలి. రెండు బిట్లూ ఒకేసారి వదులై పడితే పెళ్లి కుదిరినట్టు. లేకపోతే కేబుల్ మీది అడ్జస్టర్ అనే చిన్న మరను తిప్పుకుంటూ కూర్చోవాలి. చూసేవాళ్లకి విసుగు, చేసేవాడికి జపం.

ఆ ఏడు వానలు తగ్గాక సోనేపూర్ నుంచి సింహాచలం అనే జాలరి ఒక బండిని వ్యానులో వేసుకొచ్చాడు. అది అతని తమ్ముడు ఎర్రయ్యది. గోపాల్‌పూర్‌లో ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళుతూ అమ్మేస్తే మోజుపడి కొనుక్కున్నాడట. కొన్ని నెలల కిందట ఎర్రయ్య ఎక్కిన పడవ, బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. అతను రాలేదు. శవమూ దొరకలేదు. ఛత్రపురంలో ఒకాయన బండి కొంటానన్నాడు గానీ ఇంజను కుంటుతోందని వెనకాడుతున్నాడు, కాస్త బాగుచేసిపెట్టమని సింహాచలం అడిగాడు.

ముందు స్టార్ట్ చేసి విన్నాను. నిజమే, మెల్లగా నడిపితే నాలుగడుగులకోసారి తడబడుతోంది. విప్పి చూస్తే, ఎడమ అడ్జస్టర్ కదలకుండా పట్టి ఉంచే నట్టు లేదు. దాని బదులు వల అల్లే నైలాన్ దారం వరసలు వరసలుగా చుట్టి, ముడి బిగించి ఉంది. పడవలో ఏది ఊడినా దారంతో కట్టేసే అలవాటు కదా, ఎర్రయ్య బండికీ అదే వైద్యం చేశాడు. నాకు నవ్వొచ్చింది. దారం కోసి తుక్కు డబ్బాలో పడేసి, కొత్త నట్టు వేసి సింక్ చేశాను. ఇంజను ఎక్కడా తడబడకుండా పలికింది.

మర్నాడు సింహాచలం వెంట ఎర్రయ్య భార్య నూకాలు కూడా వచ్చింది. చేతుల నిండా గాజులు, నుదుట బొట్టు. శవం చూడందే అవి తియ్యనని పట్టుబట్టిందని సింహాచలం నాతో ముందే అన్నాడు. బండి అమ్మడానికీ ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఆయనొస్తే ఏం సమాధానం చెప్పాలని అడిగేదట. ఇంటిల్లిపాదీ నచ్చజెప్పగా, ఒక్కసారి చప్పుడు విని అప్పుడు చెబుతానంది. నేను దర్జాగా కిక్ కొట్టి, ఎలా ఉందమ్మా అన్నట్టు చూశాను.

"ఇది మా ఆయన బండి కాదు బావూ," అంది.

సింహాచలం విసుక్కుని నంబరు ప్లేటు చూపించాడు. ఆమె అటు చూడనే లేదు. ఆమెకి కావలసింది ఆ పాత కుంటు చప్పుడని నాకు అర్థమైంది. బాగుపడిన బండిని మళ్లీ పాడుచెయ్యమని నన్నెవరూ అడగలేదు అంతవరకు. కొంచెం రోషం కూడా వచ్చింది. కానీ సీటు మీద చెయ్యేసి, ఆ చెయ్యి తియ్యకుండా నిలబడిన మనిషితో ఏం వాదిస్తాం? నట్టు ఊడదీసి, అడ్జస్టర్‌ని కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాను. దారం ఏదని ఆమె అడిగితే డబ్బాలోంచి వెతికి ఇచ్చాను. తెగిన ముక్కలు కలిపి ముడేసి, తనే చుట్టింది. ఇంజను మళ్లీ తడబడింది. నేను మొదట విన్న చప్పుడు అచ్చం అదే. అయినా ఆమె ముఖంలో సందేహం పోలేదు.

"అలాగే ఉన్నాది. గానీ దగ్గిర్నుంచి నాకేటి తెలుస్తాది? నానెప్పుడూ ఇంట్లోంచే ఇన్నాను," అంది.

అయితే ఇంటి దగ్గరే వినిపిద్దామనుకున్నాను. వాళ్లిద్దర్నీ బస్సులో ముందు పంపించి, సాయంత్రం నేనే ఆ బండెక్కి సోనేపూర్ బయల్దేరాను. ఊరి ముందు సరుగుడు తోటల దగ్గర మలుపు తిరిగి, ఇసక దారిలో వేగం తగ్గించాక ఆ తడబాటు బాగా వినపడసాగింది. ఎందుకో సిగ్గేసింది. ఇంకొకరి చొక్కా తొడుక్కుని వాళ్లింటికే వెళుతున్నట్టు అనిపించింది.

ఇంటి ముందు బండి ఆపాను. గడప పక్కన బకెట్టులో నీళ్లు, దాని మీద చెంబు, గోడకి తువ్వాలు. బజారునుంచి ఎర్రయ్య రాగానే కాళ్లూ చేతులూ కడుక్కోవడానికట. మలుపు దగ్గర చప్పుడు వినపడగానే ఆమె లేచి తెచ్చి పెట్టిందని సింహాచలం నా చెవిలో చెప్పాడు. నూకాలు గుమ్మంలో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది గానీ నన్ను కాదు. నాకు ఇంజను ఆపడానికి భయమేసింది.

ఆమె మెల్లగా మెట్లు దిగి వచ్చింది. నా ముఖంలోకి పరీక్షగా చూసింది. తర్వాత చెయ్యి చాపి, తనే తాళం తిప్పి ఇంజను ఆపేసింది. అప్పుడు సముద్రం హోరు వినపడింది.

"ఆయనింక రాడు బావా. బండి ఇచ్చీండి," అంది సింహాచలంతో. అతను అటు తిరిగి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "తెచ్చిన నీళ్లు పారబొయ్యడం దేనికి? నువ్వు కడుక్కో బావూ."

కడుక్కున్నాను. నా జన్మలో అంత బరువైన చెంబు ఎత్తలేదు.

మర్నాడు బండిని మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చి సింక్ చేశాను. ఛత్రపురం ఆయన సంతోషంగా పట్టుకెళ్లాడు. దారం నూకాలు తన దగ్గరే ఉంచేసుకుంది.

నా పని ఇంజన్లలో తేడా తీసెయ్యడం. ఆ తేడాని బట్టే ఒక మనిషి ఇంకొక మనిషిని గుర్తుపడతారని ఆ బండి వచ్చేదాకా నాకు తట్టలేదు. అప్పట్నుంచీ స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, ఇంట్లో ఎవరికైనా ఈ చప్పుడు అలవాటా అని అడుగుతాను. షెడ్డులో కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

సోనేపూర్ నుంచి వచ్చిన రాత్రి నా భార్యని అడిగాను, రోజూ నేను వచ్చేసరికి గేటు తీసి ఎలా ఉంచుతావని. "మీ స్కూటరు సప్పుడు నాకు తెలీదేటి?" అంది, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. స్కూటరు అదే. ఇప్పటికీ ఇంటి ముందు ఇంజను ఆపకుండా కాసేపు కూర్చుంటాను. తర్వాత నేనే దిగి గేటు తీసుకుంటాను.