పులుపు దొరికిన హోటల్

జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ అత్తగారి నోటి రుచిని వెంటబెట్టుకుపోయింది.

ఆవిడ ఒక బడి క్యాంటీన్‌లో వంటమనిషి. ఉడుకుతున్న గిన్నెలోంచి చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాకితే చాలు, ఏది తక్కువైందో చెప్పేసేది. ఇప్పుడు ఉప్పు నాకినా సున్నం నాకినా ఒకటే. బడికి సెలవులు అయ్యేదాకా ఆవిడ చోటు అట్టే పెడతానని క్యాంటీన్ మేనేజరు మాటిచ్చాడు. అప్పటికీ నయం కాకపోతే ఇంకో మనిషిని పెట్టుకోక తప్పదని కూడా చెప్పాడు.

"రుచి తెలియనిదాన్ని, పిల్లలకేం వండిపెడతాను?" అని కంచం పక్కకి నెట్టేసేది ఆవిడ. మనిషి సగమైపోయింది.

ఆవిడ ఉండేది కూతురి దగ్గరే. అల్లుడు ఫ్రిజ్ మెకానిక్. హోటళ్ళలో నిలువెత్తు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైనవాటిని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాడు. ఒకసారి ఏదో కొరియా హోటల్ మూసేస్తుంటే, అక్కడి ఫ్రిజ్ ఊడదీసిపెట్టడానికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు వాళ్ళు మిగిలిన కిమ్చి సూప్ డబ్బాలో పోసిచ్చారు. కిమ్చి అనే పులియబెట్టిన క్యాబేజీతో కాచిన ఎర్రటి సూప్ అది. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఎలాగూ రుచి తెలియదు కదా అని అత్తగారు రెండు స్పూన్లు తాగింది. ఉన్నట్టుండి దవడ పట్టుకుంది.

"బాబూ, ఇక్కడ జివ్వుమంది. చెవి కింద."

"పంటి నొప్పేమో అత్తయ్యా."

"పంటి నొప్పికీ పులుపుకీ తేడా తెలియదా నాకు? పులుపే."

ఇంకో స్పూను తాగేసరికి పోయింది. కానీ వచ్చిన మాట నిజం. ఆ హోటలేమో మూతపడింది. మర్నాటి నుంచీ అత్తా అల్లుడూ ఊరి మీద పడ్డారు.

"పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఇన్ని హోటళ్ళకి తిప్పలేదు ఈయన," అంది కూతురు.

"నువ్వు అన్నిటికీ బాగుంది బాగుంది అనేదానివి. మీ అమ్మ అలా అనదు," అన్నాడు అల్లుడు.

మొదట వెళ్ళినది పెద్ద బోర్డు ఉన్న హోటల్. గోడల నిండా దీపాలు, కూర్చోబెట్టడానికి ఒకరు, వంగి దణ్ణం పెట్టడానికి ఇంకొకరు. సూప్ గోళ్ళరంగులా మెరుస్తోంది. అత్తగారు తాగి, "వేడిగా ఉంది," అని ఊరుకుంది. అల్లుడు నోట పెట్టుకుంటే పాకం. రెండో చోట మెనూలో ప్రపంచంలోని తిండంతా ఉంది, కిమ్చి మాత్రం కొన్న సీసాలోంచి గిన్నెలోకి దిగింది. మూడోచోట కాలిన రాతిగిన్నెలో అన్నం చిటపటలాడుతూ వచ్చింది. అడుగున మాడిన పొరని అల్లుడు గీకి గీకి తిన్నాడు. అత్తగారికి ఆ చప్పుడొక్కటే అందింది.

"చెవులు బాగానే పనిచేస్తున్నాయి నాయనా. నోటి సంగతి చూడు."

అప్పుడు అల్లుడికి ఒక ఉపాయం తట్టింది. బోర్డు చూడటం మానేసి, హోటల్ వెనక సందులోకి వెళ్ళి చూడటం మొదలుపెట్టాడు. కిమ్చి సొంతంగా పెట్టుకునే చోట క్యాబేజీ బుట్టలు దిగాలి, పై ఆకులు చెత్తలో కనిపించాలి, ఉప్పునీళ్ళు కాలవలోకి పారాలి. ఇవేవీ లేకపోతే ముందువైపు ఎన్ని దీపాలున్నా లోపలికి అడుగుపెట్టక్కర్లేదు. దాంతో వేట జోరందుకుంది. పనికి వెళ్ళిన ప్రతి పేటలోనూ చెత్తడబ్బాల్లోకి తొంగిచూసేవాడు. ఒకచోట కాపలా మనిషి తరిమాడు కూడా.

చివరికి ఒక లాండ్రీ వెనక, ఇరుకు మెట్ల కింద, బుట్టలకి బుట్టలు క్యాబేజీ కనిపించింది. అల్లుడు అక్కణ్ణించే ఫోన్ చేశాడు. "అత్తయ్యా, చెప్పులేసుకోండి."

పైన నాలుగే బల్లలు. కురచ జుట్టుతో, మోచేతులదాకా రబ్బరు తొడుగులు వేసుకున్న కొరియా ఆవిడే యజమానురాలు, ఆవిడే వంటమనిషి. ఈ ఊరొచ్చి చాలా ఏళ్ళయిందట, మాట బాగానే వచ్చు. అడక్కుండానే చిన్నచిన్న గిన్నెల్లో నంజుకునేవి పరిచి, కుతకుతలాడుతున్న సూప్ తెచ్చిపెట్టింది. అత్తగారు ఊదుకుని తాగింది. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏమైంది?" అన్నాడు అల్లుడు.

"మాట్లాడకు."

గిన్నె సగమయ్యేదాకా ఆవిడ తలెత్తలేదు. తర్వాత నాలుక చప్పరించి, "పులుపు నిలబడింది. కారం కూడా వస్తోంది, ఇంకా వీధి చివర ఉంది," అంది. అల్లుడికి లేచి గంతేద్దామనిపించింది. బల్ల ఇరుకని ఊరుకున్నాడు.

అప్పట్నుంచి వారం వారం అక్కడికే. కారం వీధి చివర నుంచి గుమ్మందాకా వచ్చింది. తర్వాత తీపి తెలిసింది. ఉప్పు ఒక్కటే రాలేదు. ఉప్పు తెలియకపోతే క్యాంటీన్‌లో గంటె పట్టుకోవడానికి లేదు.

ఒకసారి వెళ్ళేసరికి యజమానురాలు బజారుకి పోయింది. మెట్ల పక్కన కిమ్చి ఫ్రిజ్ ఉంటే అల్లుడు ఊరికే తలుపు తీసి చూశాడు. లోపల చల్లదనం అంతంతమాత్రం. డబ్బాల మూతలు ఉబ్బి ఉన్నాయి, అంచుల్లోంచి రసం బుసబుసమని పొంగుతోంది. పాపం, ఫ్రిజ్ చచ్చిపోతున్న సంగతి ఆవిడకి తెలియదనుకున్నాడు. చేతులు ఊరుకోలేదు. తలుపు రబ్బరు మార్చాడు, వెనక దుమ్ము దులిపాడు, అక్కడున్న మర తిప్పి చల్లదనం బాగా పెంచాడు. అత్తగారి నోరు బాగుచేస్తున్న మనిషి దగ్గర పైసా తీసుకోకూడదని, చెప్పకుండానే వచ్చేశాడు.

రేపు బడి తెరుస్తారనగా మళ్ళీ వెళ్ళారు. మేనేజరు అప్పటికే ఫోన్ చేశాడు, ఆ రోజే ఏ సంగతో చెప్పమన్నాడు. అత్తగారు ఒక స్పూను తాగింది, ఆగింది. ఇంకోటి తాగి స్పూను కింద పెట్టేసింది.

"పోయింది బాబూ."

"ఏం పోయింది?"

"పులుపు. మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకో మనిషిని చూసుకోమని చెప్పేస్తాను, పాపం అతను మాత్రం ఎన్నాళ్ళు చూస్తాడు." గిన్నె పక్కకి నెట్టింది. "ఉప్పునీళ్ళు తాగినట్టుంది."

అల్లుడు ఆవిడ వంకే చూశాడు. "ఏమన్నారు?"

"ఉప్పునీళ్ళన్నాను."

"ఉప్పుందని మీకెవరు చెప్పారు?"

ఆవిడ గిన్నె మళ్ళీ దగ్గరకి లాక్కుంది. అల్లుడు తనూ ఒక స్పూను తాగాడు. ఉప్పుంది, కారముంది, క్యాబేజీ మాత్రం పచ్చిగా కరకరలాడుతోంది. పులుపు అన్నది లేనే లేదు.

యజమానురాలు వంటింట్లోంచి వచ్చింది. "బాగాలేదు కదా? ఈ వారం అందరూ అదే అంటున్నారు. పాతది అయిపోయింది, కొత్తది పులియడం లేదు. నా ఫ్రిజ్ ఎవరో ముట్టుకున్నారు."

అల్లుడు లేచి నిలబడ్డాడు. "నేనేనండీ. మూతలు పొంగుతుంటే పాడైపోతోందనుకుని..."

"పొంగాలి. పొంగడమే దాని పని. అందుకే చల్లదనం తక్కువ పెట్టుకున్నాను."

"ఎంతుండాలో చెప్పండి, అంతే పెడతాను."

"చెప్పను. పక్కన నిలబడి పెట్టిస్తాను," అని ఆవిడ అతన్ని మెట్ల దగ్గరికి నడిపించింది. వెనకాలే అత్తగారూ లేచి వెళ్ళింది. అల్లుడు ఫ్రిజ్ వెనకవైపు కూర్చుని మర తిప్పుతుంటే, యజమానురాలు డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూసుకుంటోంది. అత్తగారు చెయ్యి చాపింది. యజమానురాలు అందులో ఒక ముక్క వేసింది.

"ఇది పచ్చి," అంది అత్తగారు. రెండో డబ్బాలోది నమిలి, "ఇది కాస్త తిరిగింది," అంది. మూడోది నమిలి మొహం చిట్లించింది. "దీంట్లో ఉప్పెక్కువ వేశావమ్మా."

"ఎక్కువేం కాదు."

"ఎక్కువే."

"ముప్పై ఏళ్ళ నుంచి పెడుతున్నాను నేను."

"పెట్టు, ఎవరొద్దన్నారు? ఎక్కువైందంటున్నాను."

యజమానురాలు తనో ముక్క నోట్లో వేసుకుంది, నీళ్ళు పుక్కిలించి ఇంకోటి వేసుకుంది.  అంతలో అత్తగారి ఫోన్ మోగింది.

"రేపు వస్తున్నాను," అంది ఆవిడ మేనేజరుతో. "ఆ, తెలుస్తోంది. బాగా తెలుస్తోంది. ఇప్పుడు మాట్లాడలేను, ఇక్కడ ఒకావిడతో ఉప్పు దగ్గర గొడవ పడుతున్నాను."