పురుగుల ఇంటి పక్కన ఆరు పిల్లలు

నాకు చూడకుండా ఉండేది చేతకాదు. గిన్నె మీద మూత ఉంటే తీసి చూస్తాను, సూరు కింద పిచ్చుక గుడ్లు పెడితే స్టూలెక్కి చూస్తాను. పెండ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే మా అత్త ఈ సంగతి కనిపెట్టేసింది. "దీనికి మొగం మీద ఉండేవి కండ్లు కాదు, చేతులు" అనేది. ఆయమ్మ మాటలో తప్పేమీ లేదు.

మాది సూళగిరి నుంచి లోపలికి పోయే పల్లె. మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు మేపుతాము. నా మొగుడు హోసూరులో ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోతాడు, కాబట్టి పురుగుల పనంతా నాదీ అత్తదీ. మా ఇంట్లో మనుషులుండే గదుల కంటే పురుగులుండే గదికే మర్యాద జాస్తి. గడప దాటాలంటే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచాలి, చేతులు కడుక్కోవాలి. లోపల గట్టిగా మాట్లాడకూడదు. "ఎంత బాగా పెరిగినాయో" అని నోరు జారకూడదు. కోడి గానీ పిల్లి గానీ ఆ దిక్కు చూస్తే అత్త చేతికి చీపురు వస్తుంది.

అన్నిటికంటే పెద్ద కట్టడి జ్వరం అప్పుడు. జ్వరమంటే ఒళ్ళు కాగేది కాదు. పురుగు పాత తోలు విడిచే ముందు ఆకు తినడం మానేసి, తల పైకెత్తి, ఒక దినమంతా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మేము జ్వరం అంటాము. అట్ల నాలుగుసార్లు వస్తుంది. అప్పుడు ఆకు వెయ్యరు, ఏదీ కదిలించరు, ముట్టుకోనే ముట్టుకోరు. పోయిన పంటలో నేను ఆగలేక, అరలో మేతకు వేసిన కొమ్మ ఒకటి లేపి చూసినాను. ఆ అరలో పురుగులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయిపోయి గూళ్ళు సరిగా కట్టలేదు. నేను చూసినందుకే అట్లయిందో, ఇంకేమన్నా అయ్యిందో ఎవురికి తెలుసు? అత్త ఆ మాట ఊర్లో ఎవురికీ చెప్పలేదు. నాకు మాత్రం దినానికి రెండుసార్లు చెప్పింది.

ఈ చలికాలంలో, కొత్త పంటకు రెండు జ్వరాలు దాటిన పురుగులు తెచ్చుకున్న దినమే, మా ఎర్రకుక్క పిల్లలు పెట్టింది. పురుగుల ఇంటి బయట వరండాలో, ఆకు తినేసిన మల్బరీ పుల్లలు గోడకు ఆనించి కుప్ప వేసుంటాము. ఆ కుప్పలో గుంత చేసుకోని పడుకుంది. లోపల పురుగులకు బొగ్గుల కుంపటి పెడతాము కదా, గోడకు అవతల కూడా రవ్వంత వెచ్చగా ఉంటుంది. ఆ మూగజీవికి అది ఎట్ల తెలిసిందబ్బా! నేను ఇన్నేండ్లుగా ఆ గోడ పక్కనే తిరుగుతా ఉన్నాను, ఒక్కనాడూ చెయ్యి పెట్టి చూడలేదు.

ఆరు పిల్లలు. నాలుగు తల్లి రంగే, ఒకటి నల్లది, ఇంకొకటి ఎరుపే గానీ తోక కొసన తెలుపు. నల్లదీ తోక తెల్లదీ మిగతావాటిలో సగమే ఉన్నాయి. ఇంక నా పని చూడండి! పాలు పిండి వస్తా ఒకసారి, పేడ ఎత్తి పోతా ఒకసారి, కసువు ఊడ్చే నెపంతో ఇంకోసారి, పోయి కూర్చోని చూసేదే. కండ్లు మూసుకొనే ఉన్నాయి, చెవులు కూడా అతుక్కొనే ఉన్నాయి. చెవి దగ్గర చప్పట్లు కొట్టి చూసినాను, ఒక్కటీ ఉలకలేదు. కండ్లు లేవు, చెవులు లేవు, మరి పాలు యాడ ఉండాయో ఎట్ల తెలుస్తుంది? ఒకదాన్ని తీసి జానెడు దూరంలో అటు తిప్పి పెట్టినాను. తల ఇటూ అటూ ఊపుతా, పొట్ట మీద దేకుతా, ఒక చుట్టు చుట్టి తల్లి దగ్గరికే చేరుకుంది. వాసన అనుకుంటాను. వాటంతట అవి ఒంటికి రెంటికి కూడా పోలేవు. తల్లి పొట్టను నాకితేనే వస్తుంది, వచ్చిందాన్ని అదే శుభ్రం చేసేస్తుంది. నిద్రలో ఉన్నట్టుండి కాళ్ళు టక్కుమని ఎగరేస్తాయి. ఇంకా ఏమీ చూడని పిల్లకు కలలో ఏమి వస్తుందా అని ఆ దినమంతా అదే ఆలోచన.

"పిల్లను తీసి అట్ల బండ మీద పెడతావా? ఏం మనిషివే నువ్వు!" అని అత్త అరిచింది. "తల్లి ఉంది, అది చూసుకుంటుంది. చూసి చూసి దిష్టి తగలబెట్టకుండా గమ్మునుండు."

సరే, గమ్మునుందామని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టే నా కొంప ముంచింది.

నాలుగో దినం, గదిలో పురుగులు మూడో జ్వరానికి కూర్చున్నాయి. ఇంట్లో అందరమూ అడుగు మెల్లగా వేస్తున్నాము. పొద్దున నేను వరండాలోకి వచ్చి చూస్తే, ఐదు పిల్లలు పాలు తాగుతా ఉన్నాయి, నల్లది మాత్రం వేరుగా, కుప్ప అంచున, కదలకుండా పడుకోనుంది. ఎర్రకుక్క దాన్ని మూతితో ఇంకొంచెం అవతలికి నెట్టింది. ఎందుకు నెడుతుంది అని నా చెయ్యి ముందుకు పోయింది. అంతలోనే అత్త మాట గుర్తొచ్చింది. లోపల వేలకు వేల పురుగులు తిండి మానేసి కదలకుండా ఉండాయి, వాటిని ముట్టుకోకుండా ఉండేదే మంచిది కదా. దీనికీ అట్లాంటి విశ్రాంతి ఏదో అయ్యుంటుంది, ఆకలైతే అదే లేస్తుంది, అనుకున్నాను. పురుగులు మేపే దాని బుద్ధి ఇంకెట్ల పోతుంది? చెయ్యి వెనక్కి తీసుకోని ఆవుల దగ్గరికి పోయినాను.

సందకాడ చూస్తే నల్లది బిర్రుగా బిగుసుకుపోయింది, ఊపిరి లేదు. ఆ పొద్దు నేను పడిన బాధ చెప్పలేను. వద్దన్నప్పుడంతా చూసినాను, చూడాల్సిన ఒక్క దినం చూడలేదు. మల్బరీ గట్టు మీద అత్తే గుంత తవ్వింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చి, "నువ్వే కదా అత్తా, కదలకుండా ఉండేదాన్ని ముట్టుకోవద్దంటావు!" అని అరిచేసినాను.

ఆయమ్మ పార ఆపి నా దిక్కు చూసింది. "నేను పురుగుల సంగతి చెప్పినానే. కుక్కల సంగతి నాకేం తెలుసు?" అనింది.

మా అత్త నోట తెలీదు అనే మాట వినడం నాకు అదే మొదలు.

రెండు దినాలకు ఆవుకు సూది వేసేదానికి పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయప్ప వచ్చినాడు. ఆయప్ప ఆవును చూసింది తక్కువ, నా ప్రశ్నలకు బదులు చెప్పింది జాస్తి. కుక్కపిల్లకు మొదటి రెండు వారాలు దాని ఒళ్ళు అది వెచ్చబెట్టుకోలేదంట. తల్లి ఒడిలోనో, తోడబుట్టినవాటి మధ్యలోనో ఉంటేనే వేడి. చల్లబడిపోయిన పిల్లను తల్లి ఇంక బతకదనుకోని పక్కకు నెట్టేస్తుందంట. "అప్పుడు అయ్యో పాపమని పాలు పట్టేవు, అరగక చచ్చిపోతుంది. ముందు వెచ్చ చెయ్. బాగా వెచ్చనైనంక తల్లి దగ్గర పెట్టు. తీసుకుంటే తీసుకుంటుంది, లేదంటే లేదమ్మా" అన్నాడు. అంటే నల్లది ఆ పొద్దున ప్రాణంతోనే ఉండిందన్నమాట.

అప్పటి నుంచి ఎవురేమన్నా లెక్కచెయ్యలేదు. పోయినప్పుడల్లా తోక తెల్లదాని పొట్ట కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఇది కూడా పోతే నేను ఆ గుంత దిక్కు ఇంక పోలేను. అత్త చూసీ చూడనట్లు తల తిప్పుకొనేది.

తొమ్మిదో దినం నాలుగో జ్వరం. పెద్ద జ్వరం అదే, అది దాటితే పంట సగం చేతికొచ్చినట్లే. పొద్దున్నుంచి సన్న తుంపర, ఈదర గాలి. డెయిరీకి పాలు పోసి తడుసుకుంటా వచ్చేసరికి, తోక తెల్లది కుప్ప మీద నుంచి జారి బండ మీద పడుంది. ఎర్రకుక్క దానికి వీపు చేసి పడుకుంది. నోట్లో వేలు పెట్టి చూసినాను, నాలిక కూడా చల్లన. ఊపిరి ఉందా లేదా అన్నట్లుంది. చీర కొంగులో చుట్టి ఎదకు అదుముకున్నాను, నా బట్టలే తడి. గ్యాసు మీద నీళ్ళు కాచి బాటిల్‌కు పోసి గుడ్డ చుట్టి పెట్టినాను, ఈ పక్క వెచ్చన, ఆ పక్క అట్లే చల్లన. ఇంటికంతా వేడి ఉండేది ఒక్క చోటే, పురుగుల ఇంట్లో కుంపటి దగ్గర. కుంపటి బయటికి తెస్తే జ్వరంలో ఉన్న పురుగులకు చలి. పిల్లను లోపలికి తీసుకుపోతే, ఇంక చెప్పనక్కరలేదు. ఆ గడప దగ్గర ముక్కాలి పీట వేసుకోని అత్త కావలి కూర్చోనుంది.

"అత్తా, ఇది చల్లబడిపోయింది" అన్నాను. ఒక చేతిలో బాటిల్, ఒక చేతిలో పిల్ల. ఇంకేమీ అడిగే ధైర్యం రాలేదు.

"ఆ నల్లదాని మాదిరేనా?"

"ఆ."

ఆయమ్మ లేచింది. చీపురుకే అనుకున్నాను. బ్లీచింగ్ నీళ్ళ తట్ట నా ముందుకు జరిపి, "కాళ్ళు ముంచు" అనింది. ముంచినాను. నా చేతిలో బాటిల్ లాక్కోని, ఆ వేడినీళ్ళతో తన కొంగు తడిపి పిండి, నా చీర మడతలో నుంచి ఆ పిల్ల కాళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసి నాలుగూ తుడిచింది. "దీని కాళ్ళూ నేల తొక్కినవే కదా" అని గొణిగింది. "నోరు తెరవద్దు. అరల దిక్కు పోవద్దు. కుంపటి పక్కన గోడకు ఆనుకోని కూర్చో."

లోపల ఆకు నమిలే చప్పుడు కూడా లేదు. అన్ని పురుగులూ తలలెత్తుకోని నిలిచిపోయినాయి. నేను పిల్లను పొడిగుడ్డలో పెట్టి, ఒకపక్క కాగితే ఇంకోపక్క తిప్పుతా, ఒళ్ళు మెల్లగా రుద్దుతా కూర్చున్నాను. ఎంతసేపైందో తెలీదు. పొట్ట మీద చెవి పెట్టి వింటే ఏదో కొట్టుకుంటా ఉన్నట్లుంది, అది దాని గుండో నా గుండో అర్థం కాలేదు. తల తిప్పితే తలుపు సందులో ఒక కన్ను కనిపించింది. మా అత్త! ఇన్నేండ్లూ చూడొద్దు చూడొద్దని నా ప్రాణం తీసిన మనిషి, సందులో నుంచి తొంగి చూస్తా ఉంది.

ఉన్నట్టుండి దాని వెనకకాలు టక్కుమని ఎగిరింది. ఆ తర్వాత నోరు తెరిచి, కీచుమని ఒక అరుపు. ఆ నిశ్శబ్దంలో అది ఇల్లంతా వినిపించింది. భయపడిపోయి దాని మూతి మీద చెయ్యి పెట్టబోయినాను.

"అరవనీ" అనింది అత్త, తలుపు అవతల నుంచి.

వెచ్చగా అయినంక తీసుకుపోయి ఎర్రకుక్క ముందు పెట్టినాను. మేమిద్దరమూ పక్కపక్కన గొంతుక్కూర్చున్నాము. అది వాసన చూసింది. మళ్ళీ చూసింది. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను, ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు. కుక్క పిల్లను మూతితో బోర్లా తిప్పి, నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి పొట్ట కిందికి లాక్కుంది.

మరునాడు పురుగులు బాగానే లేచి ఆకు మీద పడినాయి. పదమూడో దినానికి నాలుగు పిల్లలు కండ్లు తెరిచినాయి, బూడిద రంగు కలిసిన నీలి కండ్లు. తోక తెల్లది తెరవలేదు. చలికి లోపల ఏమన్నా పాడైపోయిందేమో, గుడ్డిదై పోతుందేమో అని నాకు అన్నం దిగేది కాదు. ఎవురన్నా తీసుకుపోతారా గుడ్డిపిల్లను? పొద్దున లేస్తానే అత్త అడిగేది, "తెరిచిందా?" అని. పద్నాలుగో దినం లేదు. పదిహేనో దినం లేదు.

పదహారో దినం తోటలో ఆకు కోస్తా ఉన్నాను. మోకాళ్ళ నొప్పులని వాకిలి దాటి రాని మా అత్త, చెప్పులు కూడా లేకుండా గట్టు మీద పడుతూ లేస్తూ వస్తా ఉంది. పురుగులకేమైందో అని నా పై ప్రాణాలు పైనే పోయినాయి.

"ఏమే! ఆ కొడవలి ఆడ పడేసి రా!" అని దూరం నుంచే అరిచింది. "ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచేలోపల వచ్చి చూడు!"