షట్టర్ తగిలితే దెబ్బ కిందికి రాదు

అబిడ్స్‌లో మా బట్టల దుకాణానికి వచ్చినవాళ్లు ముందు నాయినతో కొట్లాడి, తర్వాత గుడ్డ కొనేవారు. ధర తగ్గించడమంటే ఆయనకు పన్ను పీకించుకున్నంత బాధ. అలాంటి మనిషి ఒకరోజు గిరాకీ అడిగిన మొదటి ధరకే ప్యాంటు గుడ్డ చింపి ఇచ్చేశాడు.

"ముసలితనంల మీ నాయినకు దయ పుట్టింది" అంది అమ్మ. నేనైతే ఇక గల్లా పెట్టె నాదేనని లోలోపల మురిసిపోయాను.

తర్వాత ఎడమ కాలి చెప్పు దారిలో జారిపోయినా తెలియకుండా నడిచిపోయేవాడు. తలనొప్పంటే టీ తెప్పించుకుని, కుర్చీలోనే కునికేవాడు. వయసు అనుకున్నాం. గుడ్డ కొలుస్తుంటే మీటరు కర్ర ఎడమ చేతిలోంచి జారి పడ్డ రోజు మాత్రం ఆటో ఎక్కించి నాంపల్లిలో ఒక దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఆయనను రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమంది. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది. ఆయనకు తెలియదు. నాకు కనిపించింది.

"తలకు దెబ్బ తగిలిందా? ఎక్కడన్న పడ్డడా?"

"లేదు మేడమ్. జారిపడే రకం కాదు మా నాయిన."

"తల స్కాన్ తియ్యాలె."

బేరమాడే నా నోరు ఊరుకుంటుందా! "ముందు ఓ వారం గోలీలిచ్చి చూడుండ్రి. తగ్గకుంటె అప్పుడు తీద్దాం."

"లోపల ఏముందో ఎరుక లేకుండ దేనికి గోలీలియ్యాలమ్మా?"

నా బేరం సాగలేదు; స్కాన్ తీయించాం.

తెర మీద పుర్రె తెల్లటి వలయంలా ఉంది. దాని లోపల కుడి అంచున నెలవంక ఆకారంలో మసక బూడిద రంగు. డాక్టరమ్మ దాని మీద పెన్ను పెట్టింది.

"ఇది రక్తం. తాజాదైతే తెల్లగ కనవడతది, పాతవడేకొద్ది గిట్ల మసకైతది. మెదడు లోపల కాదు, మెదడుకు, దాని పైపొరకు నడుమ చేరింది. వయసుతోని మెదడు జర కుంచించుకపోతది. దాని మీది సన్న రక్తనాళాలు సాగి ఉంటయ్, చిన్న తాకిడికే తెగుతయ్. పైగా గుండెకని రక్తం పలచన చేసే గోలీ వేసుకుంటున్నడు. మెల్లగ, వారాలు వట్టి జమైంది. కుడి దిక్కు ఒత్తుతుంది, గందుకే ఎడమ దిక్కు తప్పుతుంది. ఏదో తాకిడి ఉండాలె, యాద్ చేసుకోండ్రి."

నాయినే నోరు తెరిచాడు. "షట్టర్ తాకింది. గది గూడ దెబ్బేనా?"

మా లైన్‌లో కాదు మరి. అన్నం వేళ షట్టర్ సగం దించి, కింది నుంచి వంగి దూరుతాం. వంగడం తక్కువైతే నెత్తి టంగుమంటుంది. పక్క దుకాణంవాళ్లు "ఇనుము గట్టిదేనా సేటూ?" అని అడుగుతారు. అరచేత్తో రుద్దుకుని లోపలికి పోతాం. నెత్తురు రాకపోతే ఇంటికి పోయి చెప్పుకునే మాటే కాదు.

"అయితే ఇది ముసలితనం కాదా మేడమ్?"

"కాదు. పుర్రెకు చిన్న రంధ్రం వెట్టి రక్తం తీసేస్తం. లేటైతే ఒత్తిడి వెరిగి మనిషి స్పృహ తప్పుతడు. రేపు పొద్దున చేద్దాం."

"ఇయ్యాలనే చెయ్యరాదు?"

"ఇందాక వారమన్నవ్ కదమ్మా!" ఈసారి ఆమె నవ్వింది. "గుండె గోలీ బంద్ చేసి, దాని పని తగ్గేటందుకు మందియ్యాలె. లేకుంటె మళ్ల కారుతది."

జీవితంలో మొదటిసారి అవతలివాళ్లు చెప్పిన మాటకే ఒప్పుకున్నాను.

మర్నాడు ఆపరేషన్ చేశారు. తలలోంచి వచ్చిన సన్న గొట్టం గుండా, పాత ఇంజన్ ఆయిల్ రంగులో, నెత్తురు సంచిలోకి దిగింది. సాయంత్రం నాయిన కళ్లు తెరిచి నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరు గీడనే ఉంటె దుకాణంల ఎవరున్నరు?"

"తాళమేసినం నాయినా."

"పెండ్లిళ్ల సీజన్ల తాళమా! బుద్ధుందా మీకు?" ఎడమ చెయ్యి ఎత్తి మరీ అడిగాడు.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "పెద్దాయనా, నిమ్మలం! తలకు కుట్లున్నయ్."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకో రెండు తిట్టనియ్యి బిడ్డా."