అత్త పసుపు చీర

ఏ బట్ట చూసినా దాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, "రంగు దిగదు గద?" అని అడగడం మా మేనత్త అలవాటు. పెళ్లిబట్టలు కొనడానికి నన్నూ వెంట తీసుకెళ్లేది. రంగుల్లో నా తెలివి ఎప్పుడో వెలిసిపోయింది కనుక సంచులు మోయడమే నా పని.

మా చెల్లెలి పెళ్లి సాతంరాయి ఫంక్షన్ హాల్లో. పసుపు రోజున ఇంటిల్లిపాదీ పసుపు రంగే కట్టాలంది, అలంకరణ చేసే అమ్మాయి.

"నాక్కూడనా బిడ్డా?" అని అత్త మెల్లగా అడిగింది.

"అందరికీ ఆంటీ! ఒక్కరు తేడాగా ఉన్నా ఫొటో పాడవుతుంది."

మామ పోయాక అత్త ముదురు రంగు కట్టలేదు. ఆ సాయంత్రమే శంషాబాద్ బజారంతా నన్ను తిప్పి, పసుపు చీర కొన్నది.

తీరా ఆ రోజు, ఆ చీరలో గది దాటబోతుంటే మా అమ్మ ఎదురొచ్చింది. "వదినా, నువ్వు జర లోపలనే కూసో. ముత్తైదువల నడుమ బాగుండదు. నలుగురు ఏమంటరు?"

"గట్లనే తియ్," అంది అత్త.

బయట ఫొటో తీసే అతను, "ఇంకెవరన్న రావాల్నా?" అని అరిచాడు.

"అందరం వచ్చినం," అంది అమ్మ.

పసుపు నీళ్లలో తడిసి, మరకలతో మేం లోపలికొచ్చేసరికి అత్త మా సంచులకు కాపలా కూర్చుని ఉంది.

"చీర బాగుందత్తా," అన్నాను.

అంచును రెండు వేళ్ల మధ్య నలిపింది. "రంగు గూడ దిగలేదురా," అంది. "తడిస్తే గద."