నూనె మార్చే ఉదయాలు

మొన్న మంగళవారం పొద్దున, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు కన్నుమూసింది. సింగానల్లూరు నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ పొయింది" అని పెట్టేశాడు. అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్ళానో మరిచి మళ్ళీ వాకిట్లోకి వస్తాను. అందరూ కాసేపు కూర్చోమంటారు. అక్క ఉంటే ఆ మాట అనేది కాదు. ఆమె కూడా కూర్చోలేని మనిషే.

నేను దిండిగల్ నుంచి పీలమేడులోని ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చినప్పుడు మా మామగారి నూలు మిల్లు బాగా నడుస్తుండేది. మిల్లు సైరన్, అక్కడ సంగు అంటారు, ఊదితే ఇంట్లో అందరూ తలెత్తి గడియారం చూసేవారు. పెద్ద కోడలు ఎక్కడుందని అడిగితే అత్తగారు పెదవి విరిచి పెరట్లోని షెడ్డు చూపించింది. వెళ్ళి చూస్తే ముదురాకుపచ్చ రంగు కారు, పైకప్పు లేనిది, రెండే సీట్లు. దాని కింద నుంచి మెట్టెలు పెట్టుకున్న రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. "ఎవురు? చిన్నమ్మాయా? ఆ వేస్టు ఇట్ల అందించు" అని లోపల నుంచి ఒక చెయ్యి చాచింది. వేస్టంటే మిల్లులో మిగిలే పత్తి పీచు. మా పరిచయం అలా అయింది.

ఆ కారు బావగారిది. మద్రాసు దగ్గర పాత విమానాశ్రయపు మైదానంలో రేసులు జరిగితే ఆయన పోకుండా ఉండేవారు కాదు. తోలడం ఆయనకు ప్రాణం. దాన్ని చూసుకోవడం మాత్రం విసుగు. మొదట మిల్లు మెకానిక్కు వచ్చి చూసేవాడు. మిల్లులో పని పెరిగి అతను రాలేకపోయేసరికి అక్క చీర కొంగు బిగించింది. పుట్టింట్లో బావి మీది ఆయిలింజను పని చిన్ననాటి నుంచి చూసిన మనిషి. మిగతాది బావగారిని అడిగీ, విప్పి చూసీ తెలుసుకుంది.

ఆమె పద్ధతి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కారును జాకీతో లేపి, దాన్ని నమ్మకుండా కింద మందపాటి దుంగలు పెట్టేది. ఇంజను కాసేపు నడిపి ఆపేది. వేడి మీద ఉంటేనే నూనెతో పాటు మురికి కూడా దిగుతుందనేది. అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పగానే నల్లటి నూనె దారంలా ట్రేలోకి జారేది. ఆ కొద్దిసేపు కూడా ఊరికే ఉండలేక ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపేది. మిల్లు పక్కన ఇల్లు కదా, అందులో నిండా దూది నూగే. కొత్త ఆయిల్ ఫిల్టరు అంచు రబ్బరుకు వేలితో నూనె రాసి చేతితోనే బిగించేది. స్పానరుతో బిగిస్తే బలం తెలుస్తుంది గానీ పట్టు తెలియదని నాకు చెప్పింది. వంటింట్లో సీసా మూత బిగించినా నాకా మాట గుర్తొస్తుంది.

ఒకసారి బావగారు మద్రాసు రేసుకు బయలుదేరాల్సి ఉంది. బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూసిన అక్క అది కాఫీ డికాషన్‌లా అయిపోయిందని, మార్చేదాకా పోవద్దని చెప్పింది. వచ్చాక చూద్దామన్నారాయన. మరునాడు పొద్దున కారు ఇంజను మోగితే అక్క తన ప్రయాణం కోసమే వేడి చేస్తోందనుకున్నారు. సంచి పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి ఇంజను నూనె అంతా ట్రేలో ఉంది. ప్లగ్గు అక్క మొలలో ఉంది.

ఆయన గొంతుకు ఇల్లంతా పెరట్లోకి వచ్చింది. ఎవరిని అడిగి దించావని ఆయన, కోడలికి ఇంత పొగరేమిటని అత్తగారు. అక్క గొంతు పెంచలేదు.

"బ్రేకు ఆయిలు మార్చేదాకా ప్లగ్గు ఇయ్యను. అవసరమంటే బస్సులో పోండి. మీరు ఎప్పుడొస్తారా, వస్తారా రారా అని వాకిలి చూస్తా కూచునే వేలై, ఆ పని నాకు చేతకాదు."

తరువాత నా వైపు తిరిగి, "రా కన్నూ, ఎక్కి కూచో" అంది.

నేను అంతకు ముందు ఏ కారులోనూ తోలే సీటు ఎక్కలేదు. ఆమె డబ్బాలో కొత్త బ్రేకు ఆయిలు పోసి, చక్రం వెనక పడుకుని చిన్న నట్టుకు రబ్బరు ట్యూబు తగిలించి, దాని కొన సీసాలో ముంచింది. "తొక్కు... పట్టుకో... ఇప్పుడు విడు." తొక్కి పట్టుకున్నప్పుడు ఆమె నట్టు వదులు చేసేది, నా పాదం కింద బ్రేకు పెడలు మెత్తగా దిగేది. బిగించాకే విడవమనేది. గాలి బుడగలు ఆగి తేట నూనె వచ్చేదాకా ఒక్కో చక్రం దగ్గరా అదే పని. ఒక చుక్క రంగు మీద పడితే తినేస్తుందని పరుగున నీళ్ళు తెచ్చి కడిగింది. బావగారు సంచి దింపకుండా గుమ్మంలో అటూ ఇటూ తిరిగారు. చివరికి నా పాదం కింద పెడలు రాయిలా నిలిచింది. అప్పుడు మొలలోని ప్లగ్గు తీసి బిగించి, కొత్త నూనె పోసింది.

ఆయన ఆలస్యంగా వెళ్ళారు, రేసు దొరకలేదు. తిరిగొచ్చాక చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. పాత బ్రేకు ఆయిలుతోనే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఒకసారి అడిగాను. "తెలీదు కన్నూ. తెలుసుకోవాల్నా ఏం?" అంది. కానీ ఆ తరువాత బయటికి పోయేముందు బావగారు ఎటో చూస్తూ "తీసుకపోవచ్చునా?" అని అడగడం నేను చాలాసార్లు విన్నాను. రోడ్డు దాటడానికి కూడా తోడు వెతుక్కునే నాకు అదే కారు మీద తోలడం నేర్పింది కూడా ఆమే.

ముసలితనంలో మనవళ్ళ స్కూటర్లు విప్పేది. వద్దంటే మిక్సీ విప్పేది. కానీ ఈ వారమంతా నాకు పదేపదే గుర్తొస్తున్నది కారు పోయిన రోజు.

మిల్లు మూతపడింది. కారును మదురై అబ్బాయి ఒకడు కొన్నాడు. అతను రావడానికి ముందు రోజు అక్క మళ్ళీ కారు కింద దూరింది. నూనె, ఫిల్టరు, రేడియేటరు నీళ్ళు, అన్నీ మార్చింది. బ్రేకు పెడలు తొక్కడానికి నన్నే పిలిచింది. పోయే బండికి ఎందుకక్కా అన్నాను.

"వాడూ ఒగ ఇంటికి తిరిగి పోవాల గదా" అంది.

కారు వెళ్ళిపోయింది. బావగారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అక్క గేటు దగ్గర ఆ శబ్దం వినబడినంత సేపు నిలబడి, షెడ్డులోకి వచ్చింది. స్పానరు తీసింది, పెట్టింది. దుంగలను ఒక మూలకు జరిపి, మళ్ళీ ఇంకో మూలకు జరిపింది. తరువాత, క్రితం రాత్రి కారు నిలిచి ఉన్న చోట గొంతుక్కూర్చుని, సిమెంటు నేలను అరచేత్తో మెల్లగా తడిమింది. లేచి గుమ్మం వెలుతురులోకి వచ్చి ఆ చెయ్యి చూసుకుంది. ఒక్క నూనె చుక్కా కారలేదు. పొడిగా ఉన్న ఆ అరచేతిని అలాగే చాచి పట్టుకుని నిలబడింది.